దేవరకొండ దిక్కు పల్లెల కుక్కపిల్ల, పిల్లి: సూదులు, నట్టల మందు, గోమార్లు – ఏది ఎప్పుడు?

మిట్టచేను:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దిక్కు పల్లె. ఇంట్ల 52 రోజుల కుక్కపిల్ల ఉంది. మగది, ల్యాబ్ క్రాసు, బరువు 3.4 కిలోలు. ఇచ్చినాయన "45 రోజులకే సూది అయిపోయింది, ఇంక రేబిస్ ఒక్కటే మిగిలింది" అన్నడు. కార్డు ఇచ్చిండు గాని అందుల స్టిక్కర్ లేదు, పెన్నుతోటి తేదీ రాసి ఉంది, అంతే. ఇదిగాక ఏడాది ఆడ పిల్లి ఉంది, దానికి ఇప్పటిదాక ఏ సూదీ లేదు. కొట్టంల రెండు బర్లు, కొన్ని మేకలు.

కుక్కపిల్లకు చెవుల్ల, కాలివేళ్ల సందుల్ల గోమార్లు కనబడుతున్నయి. బర్లకు కొట్టే గోమార్ల మందు సీసా ఇంట్ల ఉంది, మేకలకు తాపే నట్టల మందు కూడ ఉంది. ఇవే తక్కువ మోతాదుల వాడొచ్చా? ఊర్ల ఒకాయన టౌన్ నుంచి సూది తెచ్చి ఇంటికాడనే వేస్తనంటున్నడు, అది సరేనా? పిల్లికి అసలు ఏమేమి వేపియ్యాలె? తెలిసినవాళ్లు వివరంగ చెప్పండి.

పాలమూరు_దవాఖాన:
మిట్టచేను గారూ, స్టిక్కర్ లేని కార్డును ఖాళీ కార్డు కిందే లెక్కేయండి. సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటించాలి. దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టర్ సంతకం ఉండాలి. ఇవేవీ లేకపోతే వేసింది టీకానో బి కాంప్లెక్సో చెప్పలేం. ఇంకోసారి వేయించినందువల్ల నష్టం లేదు.

45 రోజుల సూది నిజంగానే పడిందనుకున్నా పని అయిపోయినట్టు కాదు. పిల్ల పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలతో తల్లి రోగనిరోధక శక్తి కొంత దానికి వస్తుంది. అది రక్తంలో ఉన్నంతకాలం పార్వో (రక్త విరేచనాలు తెచ్చే వైరస్), డిస్టెంపర్ (ఊపిరితిత్తుల్ని, నరాల్ని దెబ్బతీసే వైరస్) టీకాలను పనిచేయనీయదు. టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను కూడా శత్రువే అనుకుని తుడిచేస్తుంది. ఆ శక్తి ఎప్పుడు తగ్గుతుందన్నది పిల్ల పిల్లకూ మారుతుంది. ఒకదానికి 8 వారాలకే పోతుంది, ఇంకోదానికి 14, 15 వారాల దాకా ఉంటుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనే ఈ తేడా వస్తుంది. అందుకే మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేస్తూ పోతారు. చివరి డోసు మాత్రం 16 వారాలు నిండాకే పడాలి. చాలామంది రెండు సూదులకే ఆపేసి, "టీకా వేసినా పార్వో వచ్చింది, మందు దండగ" అంటారు. తప్పు మందుది కాదు, ఆ మూడో సూది ఎగ్గొట్టడమే.

మీ పిల్లకు లెక్క ఇట్లా పెట్టుకోండి. 56వ రోజుకు మొదటి కలిపిన టీకా, అంటే డిస్టెంపర్, పార్వో, అడినో, పారా ఇన్‌ఫ్లుయెంజా, లెప్టో అనే రోగాలన్నిటికీ కలిపి ఉన్నది. షాపుల్లో సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అంటారు, లెప్టో రకాలను బట్టి ఆ అంకె మారుతుంది. 84వ రోజుకు రెండోది, అదే రోజు రేబిస్ కూడా వేయించొచ్చు. 112వ రోజుకు మూడోది, దాంతోపాటు రేబిస్ బూస్టర్. తర్వాత ఏడాదికి మళ్లీ రెండూ. లెప్టో రక్షణ ఏడాదికి మించి నిలవదు, కాబట్టి అది దాటేయొద్దు. దాణా బస్తాలున్న కొట్టంలో ఎలుకలు ఎట్లాగూ తిరుగుతాయి. ఎలుక మూత్రం కలిసిన తడి నుంచి లెప్టో కుక్కకు, బర్రెకు, మనిషికి కూడా వస్తుంది. సాగర్ కాలువ కింద వరి పొలాల దగ్గర కుక్కలున్నవాళ్లు ఈ సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

మూడో సూది పడి రెండు వారాలయ్యేదాకా పిల్లను బజారుకు, మటన్ కొట్టు దగ్గరికి, ఊరకుక్కలు తిరిగే చోటికి తీసుకుపోవద్దు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులతోనే ఇంట్లోకి వస్తుంది. ఇంకో మాట, ఫినాయిల్‌తో కడిగితే పార్వో చావదు. ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు 30 పాళ్లు కలిపి, ముందు నేల మీది మురికి కడిగేసి, తర్వాత ఆ నీళ్లు చల్లి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టి నేల మీద, పేడ అలికిన నేల మీద బ్లీచ్ సగం కూడా పనిచేయదు. అటువంటి వాకిట్లో ఇదివరకు పార్వో వచ్చి ఉంటే కొత్త పిల్లను గచ్చు ఉన్న గదిలోనే పెంచండి.

ఊరబావి:
ఇన్ని సూదులు అవసరమా సార్? మా దిక్కు కుక్కలకు ఎవరూ ఏమీ వేపియ్యరు, మంచిగనే తిరుగుతున్నయి. మూడు నెలలు దాటినంక ఒక్కటి వేస్తే సరిపోతదని కాంపౌండర్ చెప్పిండు.

పాలమూరు_దవాఖాన:
తిరిగేవే కళ్లకు కనబడతాయి, పోయినవి కనబడవు కదా. కాంపౌండర్ మాటలో కొంత నిజం ఉంది. 16 వారాలు దాటిన కుక్కకు పార్వో, డిస్టెంపర్‌కు ఒక్క డోసుతోనే చాలావరకు రక్షణ వస్తుంది. (లెప్టోకు అట్లా కాదు, రెండు డోసులు పడాల్సిందే.) కానీ పార్వో ఎక్కువగా చంపేది ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని. పెద్దయ్యేదాకా ఆగుతామంటే ప్రమాదం ఎక్కువున్న రోజులన్నీ టీకా లేకుండా గడిపినట్టు.

నల్లరేగడి:
గోమార్ల సంగతి నేను చెప్తా, మందు సీసాలతోటి ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడనే.

మీ ఇంట్ల ఉన్న బర్ల మందు డెల్టామెత్రిన్ లేకపోతే సైపర్‌మెత్రిన్ అయ్యుంటది. సీసా మీద పేరు చదవండి. ఈ జాతి మందులు పిల్లికి విషం. పిల్లి కాలేయంల ఆ మందును విడగొట్టే శక్తి చాలా తక్కువ. కుక్కకు రాసినా, తడి ఆరకముందే పిల్లి పోయి దాని పక్కన పడుకున్నా, దాన్ని నాకినా చాలు: ఒళ్లంతా వణుకుడు, చెవులు, ముఖం ఎగరేసుడు, తర్వాత ఫిట్స్. అట్లయితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతోటి కడిగి, తుడిచి, వెంటనే దవాఖానకు పోవాలె. నూనె రాయొద్దు, పాలు తాపొద్దు.

పత్తికి కొట్టే పురుగుమందు గురించి మీరు అడగలే గాని నేనే చెప్తున్న. మన నల్గొండ జిల్లాల పత్తి చేను లేని ఊరు తక్కువ, సగం డబ్బాలు ఇంట్లనే ఉంటయి. మోనోక్రోటోఫాస్ లాంటిది కొద్దిగా నీళ్లల్ల కలిపి కుక్కకు పూస్తే గోమార్లు రాలుతయని పూసేటోళ్లు ఉన్నరు. రాలుతయి, నిజమే. తోలు నుంచి ఒంట్లకు కూడ దిగుతది. నోట్ల నుంచి చొంగ, కంటిపాప సూదిమొనంత అయిపోవుడు, కక్కుడు, విరేచనాలు, ఊపిరి బిగుసుకుపోవుడు వస్తయి. విరుగుడు అట్రోపిన్. అది డాక్టర్ చేతుల ఉంటది గాని మన ఇంట్ల ఉండదు.

అమిట్రాజ్ 12.5 శాతం మందు కుక్కల గోమార్లకు వాడుతరు. లీటరు నీళ్లకు 2 మి.లీ. అంటే 250 పీపీఎం (పది లక్షల పాళ్లల్ల 250 పాళ్లు). గజ్జికయితే డాక్టర్ 4 మి.లీ. దాక పెంచొచ్చు. మూత లెక్కన, చెంచా లెక్కన కలపొద్దు, సూది లేని సిరంజితోటి కొలవండి. కాని మూడు నాలుగు నెలలు నిండని పిల్లకు, షుగరున్న కుక్కకు, పిల్లికి అమిట్రాజ్ వద్దు. అంటే మీ పిల్లకు ఇప్పుడు ఇది కూడ లేదు. ఒంటి మీద పుండు గీతలుంటే అసలే వద్దు. ఎక్కువైతే కుక్క మత్తుగ పడిపోతది, గుండె నెమ్మదిస్తది.

మరేం చెయ్యాలె? ఇప్పటికి రోజూ పొద్దున సన్న మొన చిమటాతోటి తీసెయ్యండి. చర్మానికి ఆనించి, గోమారి తల దగ్గర పట్టుకొని, తిప్పకుండ నిదానంగ తిన్నగ గుంజాలె. పొట్ట పిసకొద్దు. అగ్గిపుల్ల, కిరోసిన్, సున్నం ఏమీ వద్దు. తీసినవి సబ్బునీళ్ల డబ్బాల వెయ్యండి, కాలితోటి తొక్కితే గుడ్లు అక్కడే పడతయి. 8 వారాలు నిండి 2 కిలోలు దాటినంక నోటితో ఇచ్చే గోలీలున్నయి: అఫాక్సోలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ 12 వారాలకొకటి. ఖరీదు జర ఎక్కువే. గోలీ బరువును బట్టి కొనాలె, ఫ్లూరలానర్ అన్నంతోటే ఇయ్యాలె, ఖాళీ కడుపున ఒంటికి సరిగ పట్టదు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇగ అసలు పని గోడలకాడ ఉంటది. కుక్కలకు పట్టే ఎర్రగోధుమ రంగు గోమారి ప్రతి దశల కుక్క మీది నుంచి కిందికి దిగి, గోడ పగుళ్లల్ల, తలుపు చౌకట్ల సందుల్ల దాక్కొని, చర్మం మార్చుకొని మళ్లీ ఎక్కుతది. పొట్ట నిండిన ఆడ గోమారి అదే పగుల్ల వేల గుడ్లు పెడతది. కుక్కను ఎంత కడిగినా వారానికి మళ్లీ అన్నే కనబడేది అందుకే. గోమార్లు పైకి పాకుతయి కాబట్టి నేలే గాక మనిషి ఎత్తు దాక గోడ చూడండి. పగుళ్లను సిమెంటుతోటి పూడ్చుడు కంటె గట్టి మందు లేదు. స్ప్రే కొట్టాలనుకుంటే మనుషులు, పిల్లి, కోళ్లు బయట ఉండాలె, గోడ పూర్తిగ ఆరేదాక పిల్లిని లోపలికి రానియ్యొద్దు. రెండు వారాలకు మళ్లీ కొట్టాలె, గుడ్లు మొదటి స్ప్రేకు చావవు.

గోమార్ల జ్వరం (ఎర్లీకియా) ఆనవాళ్లు: తిండి మానుడు, జ్వరం, చిగుళ్లు తెల్లబారుడు, పొట్ట చర్మం మీద సన్నటి ఎర్రచుక్కలు, ముక్కు నుంచి రక్తం. రక్తపరీక్షల ప్లేట్‌లెట్లు పడిపోయి కనబడతయి. డాక్సీసైక్లిన్ కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. లెక్కన 28 రోజులు రాస్తరు. ఐదో రోజుకే కుక్క లేచి తింటది, ఇంట్లోళ్లు గోలీలు ఆపేస్తరు, నెల రెండు నెలలకు మళ్లీ పడతది. ఈసారి ఎముక మజ్జ దాక పోతే తిప్పుకునుడు కష్టం. పాలతోటి ఇయ్యొద్దు. మూత్రం చాయ్ డికాషన్ రంగుల వస్తే అది బబీసియా (గోమార్ల నుంచే వచ్చే ఇంకో రక్తం రోగం) కావచ్చు, డాక్సీ ఒక్కదానితోటి తగ్గదు. దానికి వేరే సూది ఉంది, మోతాదు కొద్దిగ తప్పినా మెదడు మీదికి పోతది. అందుకని రక్తం స్లైడు చూపెట్టకుండ ఎవరితోటీ వేపియ్యొద్దు.

మేకల నట్టల మందు కూడ వద్దు. ఎక్కువగ అల్బెండజోల్ ఉంటది, కుక్కల్ల పిల్లుల్ల ఎముక మజ్జను దెబ్బతీస్తది. కుక్కల గోలీల 50 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్, 144 మి.గ్రా. పైరాంటెల్ పామోయేట్, 150 మి.గ్రా. ఫెబాంటెల్ ఉంటయి, 10 కిలోలకు ఒక గోలీ. మీ 3.4 కిలోల పిల్లకు సగం. రెండు వారాలకు మళ్లీ సగం, అప్పటి బరువు తూచి. ఆరు నెలల దాక నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. పెంట చుట్టూ బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. గోలీతోటి పురుగు పోతది గాని అది ఒంటి మీది మిన్నల్లుల నుంచి వస్తది, వాటిని వదిలేస్తే నెలకు మళ్లీ మొదలు. గజ్జికని కొందరు వేసే ఐవర్‌మెక్టిన్ సూది సంగతి కూడ చూస్కోండి. పశువుల సీసా 1 శాతం, అంటే మి.లీ.కి 10 మి.గ్రా. పది కిలోల కుక్కకు సాధారణంగ లెక్కగట్టేది 0.2 మి.లీ. బర్రెకు వేసే చేతితోటి ఒక మి.లీ. గుచ్చితే ఐదింతలు పోయినట్టు.

తెల్లమీసాలు:
పిల్లి ముచ్చట నేను చెప్తాను, పైన అందరూ కుక్క మీదే పడ్డారు.

ఏడాది పిల్లికి మొదట మూడు రోగాల టీకా (పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి), నాలుగు వారాలకు బూస్టర్. రేబిస్ ఒక డోసు, తర్వాత ఏడాదికోసారి. పిల్లి కూనలకైతే 8, 12, 16 వారాలు. కుక్కల సెవెన్ ఇన్ వన్ పిల్లికి వేయరు. రేబిస్ టీకా మాత్రం రెండింటికీ ఒకటే. పిల్లుల నట్టల గోలీ వేరే ఉంటుంది, 4 కిలోలకు ఒకటి. కుక్కల గోలీ విరిచి ఇవ్వకండి.

మందుల డబ్బాలో పారాసిటమాల్ ఉంటుంది కదా, పిల్లికి అది ప్రాణాంతకం. 500 మి.గ్రా. గోలీ ఒక్కటి చాలు చంపడానికి. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమ రంగు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ కుక్కకు కూడా ఇవ్వొద్దు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. ఒళ్లు వేడిగా ఉందని చేత్తో చూసి జ్వరం గోలీ వేస్తుంటారు. కుక్కకూ పిల్లికీ మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, మన చేతికి అది ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుంది. ఒక డిజిటల్ థర్మామీటర్ వేరుగా పెట్టుకుని, కొనకు కొబ్బరినూనె రాసి, మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టి బీప్ వచ్చేదాకా పట్టుకోండి. 103 దాటితే అప్పుడు మాట్లాడుకుందాం.

పిల్లికి గోలీ ఇచ్చాక సిరంజితో 5 మి.లీ. నీళ్లు పోయండి, డాక్సీసైక్లిన్ అయితే తప్పనిసరిగా. ఆ గోలీ పొడిగా గొంతులో ఆగితే అన్నవాహిక కాలి, తర్వాత సన్నబడిపోతుంది.

ఆడ పిల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఐదారు నెలలకే చేయించొచ్చు. మీ పిల్లికి ఏడాది, బహుశా ఇప్పటికే ఎదకు వచ్చి ఉంటుంది. ముందు కడుపుతో ఉందేమో చూపించండి. టీకా, నట్టల మందు అయి రెండు మూడు వారాలయ్యాక ఆపరేషన్ పెట్టుకుంటే మంచిది. ముందు రాత్రి నుంచి తిండి ఆపాలి, నీళ్లు పొద్దున దాకా పెట్టొచ్చు. కుట్లు 10 నుంచి 12 రోజులకు తీస్తారు, అప్పటిదాకా మెడకు కాలర్ తీయొద్దు, స్నానం వద్దు. ఎద ఆగడానికి నెలల సూది వేయిస్తామనేవాళ్లు ఉంటారు, కుక్కలకు కూడా వేస్తారు. ఆ హార్మోన్ సూదులతో గర్భసంచిలో చీము పడుతుంది, పాలగ్రంథుల్లో గడ్డలు వస్తాయి. చౌక అనిపిస్తుంది, చివరకు అదే ఆపరేషన్ అత్యవసరంగా చేయించాల్సి వస్తుంది.

మగ పిల్లులున్నవాళ్లకు ఒక్క ముక్క: మూత్రానికి పెట్టిన మట్టి పెట్టెలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం రాకపోతే మలబద్ధకం అనుకుని ఆముదం తాపకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ రాత్రే బయల్దేరాలి.

మిట్టచేను:
అందరికీ మస్తు థ్యాంక్స్. బర్ల మందు సీసా అటక మీద పెట్టిన. ఇంటికి తెచ్చి సూది వేసే ఆయన సంగతి ఎవరూ చెప్పలే. ఇంకోటి, ఊరకుక్క వచ్చి దీన్ని కరిస్తే, లేకపోతే ఇదే ఇంట్ల పిల్లల్ని గీరితే ఏం చెయ్యాలె?

పాలమూరు_దవాఖాన:
టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్‌లో బండి డిక్కీలో అరగంట పెట్టి తెచ్చిన టీకా నీళ్ల కిందే లెక్క. అట్లాగని ఐస్ ముక్కల మధ్య పెట్టి తెచ్చినా కష్టమే, రేబిస్ టీకా గడ్డకడితే పనికిరాదు. థర్మాకోల్ డబ్బా, అందులో జెల్ ప్యాక్, ప్యాక్‌కూ సీసాకూ మధ్య మడిచిన గుడ్డ లేదా అట్ట ఉండాలి. ఆయన అట్లా తెస్తాడా, షాపు ఫ్రిజ్‌కు కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా అడగండి. కలిపిన టీకాలో పొడి సీసా, ద్రవం సీసా రెండుంటాయి, మీ కళ్ల ముందే కలిపి వెంటనే వేయాలి. కుక్క చిన్నదని సగం వేసి మిగతా సగం పక్కింటి పిల్లకు వేయడం కూడా చూస్తాం. డోసు 1 మి.లీ., బరువుతో సంబంధం లేదు. సగం వేస్తే రెండింటికీ సరిపోదు.

నా మాట వింటే దవాఖానకే తీసుకెళ్లండి. సూది పడ్డాక అరగంటలోపు కొన్నింటికి ముఖం వాయడం, దద్దుర్లు, వాంతి, కుప్పకూలడం జరుగుతుంది. అరుదే, కానీ అప్పుడు అడ్రినలిన్ (ఆ అలర్జీకి వేసే అత్యవసర సూది) చేతిలో ఉన్నవాడు పక్కన ఉండాలి. ఎండకాలం పొద్దున 9 లోపు చేరేటట్టు పోండి. విరేచనాలు, జ్వరం ఉన్న రోజు టీకా వద్దు. జూలై 6 జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల) దినం, ఆ రోజు ప్రభుత్వ పశువుల దవాఖానల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ పిల్లకు అప్పటికి మూడు నెలలు నిండకపోతే మాత్రం ఆ తేదీ కోసం పట్టుబట్టకండి, నిండినదే దాని తేదీ.

కాటు సంగతి. ఊరకుక్క మీ కుక్కను కరిస్తే గాయాన్ని సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి, చేతికి గ్లవ్స్ గానీ ప్లాస్టిక్ కవర్ గానీ తొడుక్కుని. టీకాలు వేసిన కుక్కయినా వెంటనే మళ్లీ రేబిస్ బూస్టర్ వేయించాలి. టీకా లేనిదైతే 0, 3, 7, 14, 28 రోజుల వరుస వేస్తారు. పిల్లల్ని గీరినా, కరిచినా అదే 15 నిమిషాల కడుగుడు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. నేరుగా ప్రభుత్వ దవాఖానకు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు, కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ రేబిస్ సీరం (వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ రక్షణ మందు) కూడా వేయాలి, అది వేశారా లేదా అని మీరే అడగండి, చాలాచోట్ల తప్పిపోయేది అదే. కరిచిన కుక్క కట్టేసి ఉంటే పది రోజులు గమనించండి, కానీ ఆ పది రోజులు చూసి తర్వాత సూది మొదలుపెడదామని ఆగొద్దు. సూదులు నడుస్తుండగానే గమనించాలి.

నల్లరేగడి:
సీసా అటక మీద వద్దన్నా, పిల్లి ఎక్కే జాగనే అది. కొట్టంల తాళమున్న పెట్టెల పెట్టండి.